సాక్ష్యం ఎవరి ఎదుట? తెలుగునాట క్రైస్తవ దైనందిన సాక్ష్యంపై చర్చ: ఒక సమీక్ష

క్రైస్తవుడు తన విశ్వాసాన్ని ఇతరులకు తెలియజేయాలా వద్దా అన్న విషయంలో సంఘాల మధ్య పెద్ద భేదాభిప్రాయం ఎన్నడూ లేదు. తెలియజేయడమంటే ఏమిటి, ఆ పని జీతం తీసుకునే బోధకుడిదా లేక కూలికి వెళ్లివచ్చే విశ్వాసిదా, నోటితో చెప్పి తీరాలా లేక నడవడితో చూపితే చాలునా అన్న చోటనే చిక్కులు మొదలవుతాయి. తెలుగునాట ఈ చర్చకు రెండు వందల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. విశాఖపట్నంలో 1805లో అడుగుపెట్టిన లండన్ మిషనరీ సొసైటీ బోధకుల నుంచి, నేడు చోడవరం వంటి చిన్న పట్టణాలలో ఇంటింటి కూడికలు జరుపుకునే స్వతంత్ర సంఘాల వరకు ఒక్కొక్క తరం ఆ ప్రశ్నను తనకు తోచిన చోట పట్టుకుంది. చర్చ ఎక్కువగా ‘మాటా, బతుకా’ అన్న రెండు కొసల మధ్యనే తిరిగినా, తెలుగు అనుభవాన్ని వరుసగా చూస్తే అంతకంటె మొండి ప్రశ్న మరొకటి కనిపిస్తుంది. అది ఆ సాక్ష్యం ఎవరి ఎదుట, ఎవరి ఖర్చు మీద పలుకుతున్నది అన్న ప్రశ్న.

మాటలోనే ఉన్న పేచీ

కొత్త నిబంధన మూలభాష అయిన గ్రీకులో సాక్షికి ‘మార్తుస్’ అని పేరు. అది మొదట న్యాయస్థానంలో తాను చూచినది చెప్పే మనిషికి వాడిన మాట. చెప్పినందుకు ప్రాణం పోగొట్టుకున్నవారు ఎక్కువైన కొద్దీ అదే మాటకు హతసాక్షి అన్న అర్థం కూడా వచ్చి చేరింది. తెలుగు అనువాదకులు దానికి ‘సాక్షి’ని ఎంచుకున్నారు. అయితే ఆ మాటకు ఇక్కడ అప్పటికే రెండు ముఖాలున్నాయి. కచేరీలో నిలబడి నోరు విప్పవలసిన సాక్షి ఒకరు. వేదాంతం చెప్పే సాక్షి మరొకరు, ఏ పనిలోనూ కలగజేసుకోకుండా సమస్తాన్నీ చూస్తూ ఉండే చైతన్యం. పానుగంటి లక్ష్మీనరసింహారావు తన వ్యాసాలకు ‘సాక్షి’ అని పేరు పెట్టినప్పుడు ఈ రెండు అర్థాలనూ కలిపి, చూచి ఊరుకోని సాక్షిని సృష్టించారు. క్రైస్తవ చర్చలో నోరు విప్పాలనేవారికీ మౌనంగా జీవిస్తే చాలుననేవారికీ మధ్య ఉన్న తగాదా ఒక విధంగా ఈ రెండు సాక్షుల మధ్య తగాదాయే.

సంఘాల వాడుకలో ఈ మాట మరింత ఇరుకైంది. ఉత్తరాంధ్ర పల్లెలలో ఇంటి కూడిక జరిగే తీరు ఇందుకు నిదర్శనం. పాటలు అయ్యాక, వాక్యం మొదలు కాకముందు, సాక్ష్యాలున్నవారు చెప్పవచ్చునని పాస్టరుగారు అంటారు. కొంగు తలమీదికి లాక్కొని ఒక స్త్రీ లేచి, ప్రభువు నామంలో అందరికీ వందనాలు చెప్పి, పిల్లవాడి జ్వరమో, తీరని అప్పో, భర్త తాగుడో మొదలుపెట్టి, ఆసుపత్రి, ప్రార్థన, ఉపవాసం మీదుగా విడుదల వరకు వచ్చి, ఇంతటితో తన సాక్ష్యం ముగిస్తున్నానని కూర్చుంటుంది. వినేవారంతా విశ్వాసులే; ఆమె మాటను ఆమేన్‌లతో అందుకునేవారే. కచేరీ సాక్షికి అవతలి వకీలు అడ్డుప్రశ్నలు వేస్తాడు, ఇక్కడ అడ్డుప్రశ్న వేసేవారు ఒక్కరూ ఉండరు. జబ్బు నయమైనవారే లేచి మాట్లాడతారు గాని నయం కానివారికి ఆ వేళ చోటు దొరకడం అరుదు. దీనిని తక్కువచేయడం న్యాయం కాదు, ఎందుకంటే ఇంట్లోనూ ఊళ్లోనూ నలుగురి ముందు నోరెత్తే అవకాశం లేని స్త్రీకి తన బతుకును తానే ఒక కథగా చెప్పుకునే తావు అది. అయినా సువార్తలు ఉద్దేశించిన సాక్ష్యానికీ దీనికీ వినేవారి విషయంలో తేడా ఉన్నదన్న సంగతి చర్చలో తరచు మరుగున పడుతుంది.

వాదాలు పుట్టేది కూడా వేర్వేరు లేఖన భాగాల మీద ఆధారపడడం వల్లనే. మత్తయి సువార్త చివరి అధ్యాయం శిష్యులను సమస్త జనుల దగ్గరకు పంపుతుంది. అదే సువార్త ఐదవ అధ్యాయం ఉప్పు, వెలుగు అన్న ఉపమానాలతో సత్క్రియలను ముందుకు తెస్తుంది. పేతురు మొదటి పత్రిక మూడవ అధ్యాయం అడిగినవారికి సాత్వికంతో జవాబివ్వమంటుంది. మొదటి భాగాన్ని పట్టుకున్నవారు బయలుదేరి వెళ్లడం గురించి, రెండవదానిని పట్టుకున్నవారు ఉన్నచోట ఉండడం గురించి మాట్లాడతారు. అడగదగినంత వింతగా విశ్వాసి బతకాలి అన్న మూడవదాని మెలిక రెండు పక్షాలకూ ఇబ్బందికరమైనదే కాబట్టి కాబోలు, దానిని ప్రస్తావించేవారు తక్కువ.

పుస్తకం, బడి, పనిముట్టు

విశాఖపట్నానికి 1805లో వచ్చిన జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్‌ల దృష్టిలో సాక్ష్యానికి తొలిమెట్టు భాష. క్రైస్తవం స్వీకరించిన ఆనందరాయర్ అనే బ్రాహ్మణుని సాయంతో వారు సువార్తలను తెనిగించడానికి పూనుకున్నారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో మరణించగా, మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్ ముద్రణాలయంలో అచ్చయ్యాయి. సాక్షి లేకపోయినా పుస్తకం మిగిలింది, సాక్ష్యం అచ్చు కాగితంగా పల్లెలకు చేరింది.

తరువాతి దశాబ్దాలలో మూడు నమూనాలు పక్కపక్కనే కనిపిస్తాయి. 1836లో గోదావరి డెల్టాకు వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్‌లు ఇంగ్లండులో ఒకరు రాతిపని, మరొకరు చెప్పులు కుట్టే పని చేసినవారు. చేతిపని చేసేవాడే బోధకుడు కావచ్చునన్న ఆలోచన వారితో వచ్చింది, ధవళేశ్వరం ఆనకట్ట కట్టే కూలీల మధ్య వారు చేసిన బోధ ఆ ఆలోచనకు తగినదే. మచిలీపట్నానికి 1841లో కలిసి వచ్చిన రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్‌లు పని పంచుకున్న తీరు మరీ ఆసక్తికరమైనది. ఫాక్స్ ఊళ్లు తిరిగి బోధించాడు. నోబుల్ 1843లో బడి తెరిచి, ఏళ్ల తరబడి అగ్రవర్ణ బాలురకు చదువు చెబుతూ కూర్చున్నాడు. మూడవ నమూనా పాట. 1833లో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరి కీర్తనలు కర్ణాటక రాగాల మీదుగా ఇళ్లలోకి వెళ్లాయి, కరపత్రం చదవలేనివారికి కూడా నోటికి వచ్చాయి. ఏ ప్రసంగానికీ లేని ఆయుష్షు వాటికి దొరికిందని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఉత్తర కోస్తాలో సంఘాల స్వరూపం ఈ దశలోనే ఏర్పడింది. ఫ్రాన్సులోని అన్నెసి నుంచి వచ్చిన సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు 1846 నుంచి విశాఖపట్నం కేంద్రంగా కతోలిక సంఘాన్ని నిర్మించారు. కెనడా బాప్టిస్టులు 1874లో కాకినాడలో పని మొదలుపెట్టి యలమంచిలి, నర్సీపట్నం, అనకాపల్లి వైపు వచ్చారు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో లండన్ మిషనరీ సొసైటీ ఈ ప్రాంతం నుంచి తప్పుకున్నప్పుడు ఆ క్షేత్రం కూడా వారి చేతికే వచ్చింది. ఈ సంస్థలన్నిటిలోనూ సాక్ష్యం క్రమంగా ఒక ఉద్యోగమైంది. సువార్తికుడు, ఉపదేశి, బైబిలు స్త్రీ అన్న పదవులు, వాటికి జీతాలు, తిరిగిన ఊళ్ల లెక్కతో నెలవారీ నివేదికలు వచ్చాయి. సామాన్య విశ్వాసి బాధ్యత కానుక వేయడం దగ్గర ఆగిపోయింది.

ఒంగోలు చెప్పే కథ

జీతగాళ్ల బోధకు భిన్నమైన నమూనా పెన్నకు ఉత్తరాన, ఒంగోలు ప్రాంతపు తోళ్ల వర్తకుల మధ్య తయారైంది. తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్లు కొని అమ్మేవాడు, అంతకుముందే యోగమార్గంలో గురువుల వెంట నడిచినవాడు. బంధువు ఒకరి నోట క్రైస్తవ బోధ విని 1866లో ఆయన భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం పొందాడు. ఆ తరువాత వర్తకం మీద వెళ్లిన ఊరల్లా, చుట్టాలున్న పల్లెల్లా ఆయనకు సాక్ష్యస్థలమే అయింది. 1867 జనవరిలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లవ్ తాళ్లకొండపాడుకు వెళ్లి చింతతోపులో కూటాలు జరిపేసరికి ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్నారు. దొర రాకముందే పని జరిగిపోయింది.

ఈ ఉద్యమంలో దైనందిన సాక్ష్యానికి రూపమిచ్చినవి మూడు నియమాలు: ఆదివారం పనికి వెళ్లరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. కాగితం మీద ఇవి భక్తి నియమాలు. పల్లెలో మాత్రం వాటి బరువు వేరు. గ్రామదేవత జాతరకు డప్పు కొట్టవలసినవాడు మాదిగ. వెట్టికి పిలిస్తే వారం వర్జ్యం చూడకుండా వెళ్లవలసినవాడూ అతడే. డప్పు కొట్టనన్న ఒక్క మాట ఊరి కట్టుబాటును కదిలించింది. దానికి బదులుగా పని ఇవ్వకపోవడం, బావి దగ్గరకు రానివ్వకపోవడం, కొట్టడం వరకు వెళ్లిన సందర్భాలు మిషను రచనలలో నమోదై ఉన్నాయి. ప్రసంగం వినని కరణమూ మునసబూ ఆగిన డప్పును మాత్రం విన్నారు. నడవడి మౌనమైనదన్న అభిప్రాయానికి ఇంతకంటె గట్టి ఎదురుసాక్ష్యం దొరకదు.

1876–78 కరువు ఈ కథను మరో మలుపు తిప్పింది. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని క్లవ్ గుత్తకు తీసుకొని వేలమందికి కూలి చూపించాడు. పేరయ్య వంటి బోధకులు ఆ కూలీల మధ్య మేస్త్రీలుగా పనిచేశారు. తిండి కోసం మతం మారారన్న నింద వస్తుందని గ్రహించి, కరువు పని సాగినంతకాలం ఏడాదికి పైగా క్లవ్ బాప్తిస్మాలు ఆపివేశాడు. ఆ నిలుపుదల ఎత్తివేసిన తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్య పాశ్చాత్య సంఘాలలో మారుమోగింది. విమర్శకులకు అది గంజి క్రైస్తవం. సమర్థకులకు అది పేరయ్య వంటివారు పదేళ్లుగా నాటిన విత్తనం కోతకు రావడం. కరువు లేకపోతే అంతమంది అంత తొందరగా వచ్చేవారు కారన్నది నిజమే. కరువు ఒక్కటే కారణమైతే కూలి ఆగిపోయాక వారిలో చాలామంది ఎందుకు నిలిచారన్న ప్రశ్నకు విమర్శకుల దగ్గర సరైన జవాబు లేదన్నదీ నిజమే.

దోర్నకల్ ప్రయోగం

చుట్టరికాల వెంట సాగిన ఈ సాక్ష్యాన్ని తిరిగి సంఘమంతటి బాధ్యతగా మార్చాలని చూసినవారు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తమిళుడైన ఆయన తెలుగు నేర్చుకొని, 1912లో దోర్నకల్ బిషపుగా, భారతీయులలో తొలి ఆంగ్లికన్ బిషపుగా అభిషిక్తులయ్యారు. బాప్తిస్మం పొందినవారు తమ చేతిని తమ తలపైన ఉంచుకొని, సువార్త ప్రకటించకపోతే తమకు అయ్యో అన్న పౌలు భావాన్ని తమ మాటగా పలకాలన్నది ఆయన పెట్టిన పద్ధతి. అంటే సాక్ష్యమివ్వడానికి ప్రత్యేక పిలుపు అక్కరలేదు, బాప్తిస్మమే ఆ పిలుపు. ఏటా జరిగే సాక్ష్య వారాలలో చదువురాని కూలీలు కూడా పొరుగూళ్లకు పాటలతో వెళ్లేవారు. ఆయన అధ్యక్షమండలంలో క్రైస్తవుల సంఖ్య 1912లో సుమారు 56 వేలు కాగా, 1941 నాటికి రెండు లక్షల ఇరవై ఐదు వేలకు చేరింది.

సంఖ్యకంటె విలువైన సాక్ష్యాధారం 1930లలో కనిపిస్తుంది. మాల మాదిగ క్రైస్తవుల జీవనంలో వచ్చిన మార్పును, వారి శుభ్రతను, చదువును, తాగుడు మానడాన్ని చూచి శూద్ర కులాలవారు కొందరు క్రైస్తవం వైపు రావడాన్ని అజరయ్య, అమెరికన్ మెథడిస్టు జె. డబ్ల్యు. పికెట్ ఇద్దరూ గమనించారు. సామూహిక మతాంతరణలపై పికెట్ గ్రంథం 1933లో వెలువడింది. అంటరానివారిగా ఎంచబడినవారి నడవడి పై కులాలకు పాఠమైందన్న ఈ వాదన నడవడి పక్షానికి బలమైన ఆధారం. అయితే అందులో ఒక ముల్లు కూడా ఉంది. శుభ్రత, మితం, క్రమశిక్షణ అన్న కొలతలు పై కులాల మెప్పు పొందే కొలతలే కావడం వల్ల, దళిత విశ్వాసి సాక్ష్యానికి తీర్పరులుగా మళ్లీ వారినే కూర్చోబెట్టినట్లయిందన్న దళిత ఆలోచనాపరుల విమర్శను తోసిపుచ్చడం కష్టం.

అజరయ్యకూ గాంధీకీ మధ్య వచ్చిన విభేదం ఇక్కడనే అర్థమవుతుంది. సేవ చేయండి, మతం మార్చకండి అన్నది గాంధీ మాట. గులాబీ తన పరిమళాన్ని బోధించనక్కర లేదన్నది ఆయన తరచు వాడిన పోలిక. హరిజనులకు మతాలను బేరీజు వేసుకునే శక్తి లేదన్న అభిప్రాయం ఆ వాదన కింద ఉన్నందున, తమ ఇష్టంతో నిర్ణయం తీసుకోగల మనుషులుగా వారిని గుర్తించకపోవడం అజరయ్య వంటివారికి మింగుడు పడలేదు. పరిమళం పోలిక అందమైనదే గాని, గులాబీకి చుట్టాలుండరు, కూలి ఇచ్చే ఆసామి ఉండడు.

వాదాల తీరు

ఇప్పటి చర్చలో వినిపించే వాదాలను స్థూలంగా నాలుగు వైపులుగా చూడవచ్చు. మొదటివారు ప్రకటనకే పెద్దపీట వేస్తారు. 1950లో హైదరాబాదులోని హెబ్రోను ప్రార్థనామందిరాన్ని కేంద్రంగా చేసుకున్న బోధకుడు భక్తసింగ్ వాక్యాలు రాసిన పలకలతో వీధుల వెంట నడిపిన ఊరేగింపులు, పెంతెకొస్తు సంఘాల బహిరంగ సభలు, కరపత్రాల పంపిణీ ఈ కోవలోనివి. ఈ పక్షం దృష్టిలో చెప్పని విశ్వాసం దాచిన విశ్వాసమే.

రెండవవారు నడవడి, సేవ చాలునంటారు. ఆసుపత్రులు, బడులు, కుష్ఠు రోగుల ఆశ్రమాలు నడిపిన సంస్థలు సహజంగానే ఈ వైపు మొగ్గాయి. అవసరమైతేనే మాటలు వాడమన్నట్లు అస్సీసీ ఫ్రాన్సిస్ పేర ప్రచారంలో ఉన్న సూక్తిని వీరు ఎక్కువగా ఉదహరిస్తారు, అది ఆయన రచనలలో ఎక్కడా లేదన్న సంగతి మాత్రం ప్రచారంలోకి రాలేదు. ఈ రెండింటినీ కలిపే ప్రయత్నాలు ప్రపంచస్థాయిలో జరిగాయి. 1974లో లొసాన్ సమావేశం సువార్త ప్రకటనతో పాటు సామాజిక బాధ్యతనూ క్రైస్తవ కర్తవ్యంగా చెప్పింది. 1975లో ఆరవ పౌలు పాపు వెలువరించిన ఉపదేశ పత్రం మాటలేని జీవన సాక్ష్యంతోనే సువార్త మొదలవుతుందని, అయితే దాని అర్థాన్ని ఎప్పుడో ఒకప్పుడు మాటలో విప్పకపోతే అది చాలదని తేల్చింది. వాదానికి ఇది మధ్యేమార్గంగా కనిపించినా, ‘ఎప్పుడో ఒకప్పుడు’ అన్నది ఎప్పుడో ఏ పత్రమూ చెప్పలేదు.

మూడవవారి దృష్టిలో సాక్షి ఒంటరి వ్యక్తి కాడు, సంఘమే సాక్షి. అజరయ్య ఆచరించినదానికి దక్షిణ భారత సంఘ బిషపు లెస్లీ న్యూబిగిన్ 1989 నాటి తన గ్రంథంలో సిద్ధాంతరూపం ఇచ్చారు: సువార్తను నమ్మి జీవించే స్థానిక సంఘమే సువార్తకు వ్యాఖ్యానం. తెలుగు సంఘాలకు ఇది వినసొంపుగా ఉన్నా, మాల సంఘం, మాదిగ సంఘం వేర్వేరు వీధులలో వేర్వేరుగా ఆరాధించే చోట ఆ వ్యాఖ్యానాన్ని ఊరు ఎలా చదువుకుంటుందో ఊహించడం కష్టం కాదు.

నాలుగవవారు సంఘం గోడ బయట నిలబడి మాట్లాడతారు. నెల్లూరులో పుట్టి పుదుక్కోట సంస్థానంలో న్యాయాధిపతిగా పనిచేసిన పాండిపెద్ది చెంచయ్య, 1938లో తాంబరంలో అంతర్జాతీయ మిషనరీ సదస్సు జరగనున్న వేళ మిత్రులతో కలిసి ‘రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా’ ప్రకటించారు. క్రీస్తు తెచ్చినది కొత్త సంస్థను కాదని, కొత్త జీవాన్నని ఆయన వాదం. హిందూ సమాజం నుంచి మనిషిని పెరికి మరో సమాజంలో నాటడం సాక్ష్యం కానక్కర లేదని దాని ఫలితార్థం. కృష్ణా జిల్లా మునిపల్లెకు చెందిన కలగర సుబ్బారావు 1942లో తనకు కలిగిన క్రీస్తు దర్శనం తరువాత దీనిని మరింత దూరం తీసుకువెళ్లి, బాప్తిస్మాన్నీ సంఘాన్నీ కాదని, హిందువుల మధ్య హిందువుగానే క్రీస్తును చాటారు. దాదాపు అదే కాలంలో, 1938లో, ముంగమూరి దేవదాసు స్థాపించిన బైబిల్ మిషన్ కూడా విదేశీ సంస్థల నీడ నుంచి బయటికి వచ్చినదే, అయితే అది సంఘంగానే నిలిచింది. సుబ్బారావు మార్గంలో సాక్షి తన వారి నుంచి విడిపోడు. దానికి అతడు చెల్లించే ధర, తరువాతి తరానికి అప్పగించదగిన సంఘమంటూ ఏదీ మిగలకపోవడం.

నాలుగు వాదాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ప్రకటన పక్షం అపరిచితుల ముందు ధైర్యంగానూ చుట్టాల ముందు ఇబ్బందిగానూ ఉంటుంది. నడవడి పక్షం పనిచేసే చోట గౌరవం పొందుతుంది గాని తనెవరో చెప్పవలసి వచ్చినప్పుడు తడబడుతుంది. సంఘ పక్షం కులం దగ్గర కాలు జారుతుంది. గోడ బయటి పక్షం పెళ్లి, చావు, పిల్లల పేరు వంటి సందర్భాలలో చేతులెత్తేస్తుంది.

చట్టం, కుల ధ్రువపత్రం

రాజ్యాంగ సభ 1948 డిసెంబరు 6న మతస్వేచ్ఛ అధికరణాన్ని చర్చించినప్పుడు ‘ప్రచారం’ అన్న మాట మీదనే ఎక్కువ వాదన జరిగింది. లోకనాథ్ మిశ్రా వ్యతిరేకించగా కె. ఎం. మున్షీ, టి. టి. కృష్ణమాచారి సమర్థించారు. ఆ మాట 25వ అధికరణంలో నిలిచింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ప్రచారం చేసే హక్కులో ఇతరులను మతం మార్చే హక్కు లేదని స్పష్టం చేసింది. చెప్పవచ్చును, మార్చరాదు అన్న ఈ గీత కాగితం మీద తేటగా ఉన్నా, చెప్పిన మాటకు ఎదుటివాడు మారితే ఆ మార్పు ఎవరిదన్న సందేహాన్ని అలాగే వదిలింది. ఆంధ్రప్రదేశ్ 2007లో ప్రకటిత ఆరాధనా స్థలాలలో అన్యమత ప్రచారాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. తిరుమల కొండపై ప్రచారం గురించిన ఆందోళన దానికి నేపథ్యం. ఆ హద్దును గౌరవించడం సాక్ష్యానికి భంగమని వాదించే క్రైస్తవ నాయకులు అరుదు. 2011లో వాటికన్, ప్రపంచ సంఘాల మండలి, ప్రపంచ ఎవాంజెలికల్ కూటమి కలిసి విడుదల చేసిన పత్రం కూడా సాక్ష్యమివ్వడం క్రైస్తవుని బాధ్యత అంటూనే మోసాన్నీ ప్రలోభాన్నీ తప్పుపట్టింది.

తెలుగు విశ్వాసి రోజువారీ నోటిని నిజంగా శాసించేది మాత్రం ఈ చట్టాలు కావు, 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు. దాని ప్రకారం షెడ్యూల్డు కులస్థుడు హిందువై ఉండాలి. 1956లో సిక్కులనూ 1990లో బౌద్ధులనూ చేర్చారు గాని క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవులైన షెడ్యూల్డు కులాలవారికి రాష్ట్రంలో బి.సి.-సి కింద ఒక శాతం రిజర్వేషను ఉంది. బడిలో ‘హిందూ మాల’, ఆదివారం విశ్వాసి అన్న రెండు పేర్ల జీవితం ఇందులో నుంచే పుట్టింది. అవిభక్త రాష్ట్రంలో క్రైస్తవుల వాటా 1971 జనగణనలో నాలుగు శాతం పైచిలుకు ఉండి 2011 నాటికి 1.34 శాతానికి పడిపోవడం, అదే కాలంలో ప్రార్థనా మందిరాలు పెరగడం, ఈ రెండింటినీ కలిపి చూసేవారు లెక్కలోకి రాని విశ్వాసుల గురించి మాట్లాడతారు. దీనిని మోసమని హిందూ సంస్థలు, పిరికితనమని కొందరు పాస్టర్లు, మతాన్ని బట్టి కులవివక్ష పోనప్పుడు మతాన్ని బట్టి రక్షణ తీసేయడమే అన్యాయమని దళిత క్రైస్తవ సంఘాలు అంటాయి. మూడింటిలో మూడవదే మూలానికి దగ్గరగా ఉంది. కాని సాక్ష్యం దృష్టితో చూస్తే మొదటి రెండింటికీ జవాబు చెప్పవలసినవారు కూడా వారే. షెడ్యూల్డు తెగలకు ఇటువంటి మత నిబంధన లేదు కాబట్టి మాడుగుల దాటి ఘాటెక్కితే వచ్చే పాడేరు ప్రాంతపు గిరిజన విశ్వాసికి పేరు దాచుకోవలసిన అవసరం ఈ కారణంగా రాదు.

చోడవరం వంటి ఊళ్లో

సిద్ధాంతం ఎంత దూరం పనికివస్తుందో చూడడానికి చోడవరం మంచి చోటు. నిన్నమొన్నటి వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లాలోకి వచ్చిన ఈ పట్టణానికి స్వయంభూ విఘ్నేశ్వరుని ఆలయం, పక్కనే గోవాడ చక్కెర ఫ్యాక్టరీ, చుట్టూ చెరకు, బెల్లం ఉన్నాయి. వినాయక చవితికి వీధి కుర్రాళ్లు రసీదు పుస్తకం పట్టుకొని చందాకు వస్తారు. పక్కింటివారు ఉండ్రాళ్లు పంపుతారు. దసరాకు పనిముట్ల పూజలో కార్మికుడు నిలబడాలా, పక్కకు తప్పుకోవాలా అన్నది తేల్చుకోవలసి వస్తుంది. విగ్రహార్పితం గురించి పౌలు కొరింథీయులకు రాసినది సరిగ్గా ఇటువంటి ఊరి కోసమే అనిపిస్తుంది, కాని ఆ అధ్యాయాలనుంచే ఒకరు తినవద్దని, మరొకరు అడగకుండా తినమని తేలుస్తారు. ఆచరణలో కనిపించేవి అనేక రకాలు: ప్రసాదాన్ని మర్యాదగా అందుకొని పనిమనిషికి ఇచ్చేవారు, పూజకు కాక అన్నదానానికని చెప్పి చందా ఇచ్చేవారు, ఒంట్లో బాగాలేదని తప్పించుకునేవారు, చేతులు జోడించి వద్దని చెప్పేవారు. వీరిలో చివరివారే సాక్షులని సంఘం అంటుంది. మొదటివారే మంచివారని వీధి అంటుంది. తప్పించుకునేవారు రెండు చోట్లా మార్కులు పోగొట్టుకుంటారు, అయినా వారే ఎక్కువ.

అంతకంటె సూక్ష్మమైన చోటు చావు. క్రైస్తవ ఇంట్లో మరణం సంభవించిన కొద్ది రోజులకు ఆదరణ కూడిక జరుగుతుంది; పెద్దకర్మకు వచ్చినట్లే హిందూ బంధువులంతా వచ్చి, షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలలో చివరిదాకా కూర్చుంటారు. నిజమైన అర్థంలో విశ్వాసి తన చుట్టాల ఎదుట నిలబడేది ఇక్కడ. చనిపోయినవారి మంచి గురించి కోడలు చెప్పే నాలుగు మాటలు అక్కడ ఒక పాస్టరు గంటసేపు చేసే నరక ప్రసంగం కంటె లోతుకు వెళతాయని ఎవరైనా ఒప్పుకుంటారు. లేచి వెళ్లలేని దుఃఖపు బంధువుల ముందు ఆ గంట ప్రసంగం న్యాయమా అన్న ప్రశ్న సంఘాలలోపలే వినిపిస్తోంది, బయటివారి విమర్శ అవసరం లేకుండానే.

ఇంకా తేలనివి

మొబైలు వచ్చాక సాక్ష్యం రూపం మళ్లీ మారింది. కొంగు సవరించుకొని లేచిన స్త్రీ మాట ఇప్పుడు యూట్యూబులోకి వెళుతుంది. ఆ కూడికలో వినని అడ్డుప్రశ్నలన్నీ, కొన్నిసార్లు బూతులతో సహా, కింద వచ్చి చేరుతున్నాయి. అపరిచితుల ఎదుట నిలబడే సాక్షి కావాలన్నవారి కోరిక ఒక రకంగా తీరింది, కాని ఆమె దానికి ఒప్పుకున్నదా అన్నది ఎవరూ అడగడం లేదు. స్వస్థత సాక్ష్యాలలో వైద్యుని పాత్ర ఎంత చెప్పాలి, పిల్లలకు బాప్తిస్మం లేని సంఘాలలో మైనరు సాక్ష్యాన్ని ఎంత నమ్మాలి, జీతం తీసుకునే సువార్తికుని మాటకు కూలివాని మాటకు ఉన్నంత బరువు ఉంటుందా అన్నవి కూడా తేలవలసినవే. చివరిదానికి మాత్రం పేరయ్య నుంచి అజరయ్య వరకు ఉన్న చరిత్ర ఒకవైపే మొగ్గుతోంది.

కేంద్రం 2025లో నిర్ణయించిన ప్రకారం రాబోయే జనగణనలో మతంతో పాటు ప్రతి ఒక్కరి కులమూ నమోదవుతుంది. గణకుడు గుమ్మంలో నిలబడి ఒకదాని వెంట ఒకటిగా రెండు ప్రశ్నలూ అడుగుతాడు, ఇంట్లో ఉన్న ఒకరు అందరి తరఫునా జవాబు చెబుతారు. చాలా ఇళ్లలో ఆ ఒకరు ఇంటాయన. ఆదివారం కూడికకు వెళ్లేది, సాక్ష్యం చెప్పేది ఇంటావిడ.